గురివింద ఎత్తు

లిబ్బీ ఊళ్ళో, కూట్నై నది ఒడ్డున,
మేకులూ పారలూ గుర్రపు నాడాలూ అమ్మే కొట్లో
వెనకవైపు చెక్కబల్ల మీద
మార్లీస్ నా ముందు మూడు తూటాలు నిలబెట్టింది
చదరంగంలో బంట్లలాగా.

"తుపాకీ సంగతి చెప్పక్కర్లేదు, డెల్బర్ట్‌దేగా" అంది.
అవును. మీట కిందికి దించి పైకి లాగితే
పాత తలుపు గొళ్ళెంలా చప్పుడు చేసే రైఫిల్,
నా చిటికెన వేలు ఇంచుమించు దూరే గొట్టం.
మోకాళ్ళు అరిగి కొండెక్కలేక
పక్కింటి ముసలాయన నాకు అమ్మేశాడు,
తుడిచే గుడ్డా నూనె సీసా ఊరికే ఇచ్చి.

"వీటికి మొన లేదేం?"
"గొట్టంలో ఒకదాని వెనక ఒకటి కూచుంటాయి.
వెనకదాని ముక్కు ముందుదాని వీపు మీద.
నిప్పు ఉండేది ఆ వీపులోనే.
మొన ఉంటే, ఒక్క అదురుకి, లోపలే దీపావళి."
దీపావళి అన్నది నా మాట. ఆవిడ అన్నది ఇక్కడ రాయలేను.
వరసలో నిలబడేవాళ్ళకి మొండిముక్కే మర్యాద, సరే.

మూడొందలు. మూడొందల యాభై. నాలుగొందల అయిదు.
గ్రెయిన్లట. అంటే గింజలు.
ఏ గింజలని అడిగితే మార్లీస్ భుజాలెగరేసింది.
చిలకలపూడిలో మా తాత దగ్గరా గింజలుండేవి,
అగ్గిపెట్టెలో దూది మీద, గురివిందలు.
ఒక గురివిందకి సుమారు రెండు గ్రెయిన్లు.
రసీదు వెనక లెక్క కట్టాను:
బరువైన తూటా పాత తులాల్లో రెండుంబావు.
ఓ సన్నగొలుసంత సీసం.

తేలికది తళతళలాడుతోంది,
సీసానికి రాగి తొడుగు, ముక్కున చిన్న గుంట.
రోల్డ్ గోల్డ్, తాతా. నువ్వు రాగి మీద బంగారం పూశావు,
వీళ్ళు సీసం మీద రాగి తొడిగారు.
పోయినేడు నేను కొన్నది అదే.
మెరుపు చూసి.

ఆడ ఎల్క్. మన కణుజుకి పెద్దక్క అనుకోండి.
జబ్బ ఎముక తగలగానే తూటా చితికి చెల్లాచెదురైంది,
అది మాత్రం నిలబడే ఉంది, నన్నే చూస్తూ,
తరవాత లేదు.
లార్చ్ చెట్లు రాల్చిన పసుపు సూదుల మీద
ఒకటొకటిగా ఎర్ర చుక్కలు ఏరుకుంటూ వెళ్ళాను.
ముందువి ఎరుపు. వెనక్కి తిరిగి చూస్తే
అప్పటికే అంచులు నల్లబడుతున్నాయి.
వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి.
చీకటి పడింది.

తెల్లారి బొంతకాకులు చూపించాయి చోటు.
డెల్బర్ట్ కర్ర ఊతంగా అంతదూరం వచ్చి
ఏమీ అనకుండా టోపీ తీసి,
మళ్ళీ పెట్టుకున్నాడు.

గురివింద తన నలుపెరగదంటారు.
తూచేవాడు ఎరుగుతాడు. మా తాత త్రాసులో
ఎరుపూ నలుపూ కలిపే ఒక ఎత్తు.

మా వైపు వేటమాంసమంటే మేక.
ఎవరో కొట్టి, ఎవరో తూచి,
ఆకులో చుట్టి ఇచ్చే వేట.
ముప్ఫయ్యేళ్ళు అలాగే తిన్నాను, లొట్టలేస్తూ.

"ఎంత దగ్గరికి పోగలవు?" అంది మార్లీస్.
ఏ తూటా కావాలని కాదు.
"బరువైనది నింపాదిగా పోతుంది.
నూట యాభై గజాలు దాటితే విసిరిన రాయిలా వాలిపోతుంది.
కానీ ఎముకని అనుమతి అడగదు.
ఇటు నుంచి అటు. చిల్లు అంచు దాకా కూర వండుకోవచ్చు."

తొడుగు లేనిది, మెరుపు లేనిది,
నడుం చుట్టూ గాడిలో మైనం మెత్తింది,
ఒక డబ్బా ఇవ్వమన్నాను. ఇరవై.
"ఇరవై ఎందుకు, ఒకటి చాలుగా" అని తనే నవ్వింది.
నేను నవ్వలేదు, డబ్బు లెక్కపెడుతున్నాను.

శనివారం నుంచి పెరట్లో
ఎండుపుల్లల మీద నడక నేర్చుకుంటున్నాను.
మడమ కాదు, ముందు వేళ్ళు.
డెల్బర్ట్ వరండాలో కళ్ళు మూసుకు కూచుంటాడు,
అడుగు వినపడ్డప్పుడల్లా చెయ్యెత్తుతాడు.
నిన్న పదకొండుసార్లు ఎత్తాడు.
ఇవాళ తొమ్మిది.